పతకాలు పనికిరాని వీధిలో పుట్టిన విద్య

క్రావ్ మగాకు రూపం ఇచ్చిన ఇమి లిక్టెన్‌ఫెల్డ్ జీవితం

బ్రూక్‌ఫీల్డ్ (బెంగళూరు): కుందలహళ్లి గేటు నుంచి ఏఈసీఎస్ లేఅవుట్ దాకా ఎక్కడ నిలబడ్డా తెలుగు వినిపిస్తుంది. ఇక్కడి పీజీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిల్లో కుప్పం, మదనపల్లె, హిందూపురం, చిత్తూరు వాళ్లకు లెక్కలేదు. శుక్రవారం సాయంత్రం బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరేంత దగ్గర. అయినా రాత్రి షిఫ్టు ముగిసి క్యాబ్ ఎక్కానని మెసేజ్ వచ్చేదాకా ఊళ్లో అమ్మకు నిద్ర పట్టదు.

ఈ వీధుల్లోని జిమ్ముల ముందు యోగా, జుంబా, కరాటే పేర్ల పక్కన ఇంకో పేరు కనిపిస్తుంది. క్రావ్ మగా. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో తినే వస్తువు అనుకున్నా తప్పులేదు, పేరు అలాగే ఉంది మరి. అది హీబ్రూ మాట. క్రావ్ అంటే పోరు, మగా అంటే తాకిడి. ఒంటికి ఒళ్లు తగిలేంత దగ్గరి నుంచి జరిగే పోరు అని అర్థం.

బెంగళూరులో ఆత్మరక్షణ క్లాసులకు గిరాకీ ఊరికే పెరగలేదు. 2005 డిసెంబరులో రాత్రి డ్యూటీకి బయల్దేరిన ఒక కాల్ సెంటర్ ఉద్యోగినిని, తీసుకెళ్లడానికి వచ్చిన డ్రైవరే చంపేశాడు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన దేశాన్ని కుదిపేసింది. 2016 డిసెంబరు 31 రాత్రి ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు జనంలో అమ్మాయిలను అల్లరిమూకలు వేధించాయన్న వార్తలు వచ్చాయి. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ, కొన్ని రోజులు టీవీల్లో చర్చ, ఆ తర్వాత క్లాసుల్లో కొత్త మొహాలు. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి ఈ విద్య ఇజ్రాయెల్ సైన్యానిదని తెలుసు. దీని వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆయన దీన్ని మొదలుపెట్టింది సైన్యంలో కాదని, తన సొంత ఊరి వీధిలో భయపడుతూ బతుకుతున్న రోజుల్లో అని తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన పేరు ఇమి లిక్టెన్‌ఫెల్డ్.

సర్కస్ నుంచి పోలీసు కొలువుకు

ఇమి 1910 మే 26న బుడాపెస్టులో పుట్టాడు. పెరిగింది మాత్రం డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న బ్రాటిస్లావాలో. మన సరిహద్దు జిల్లాల వాళ్లకు ఆ ఊరి సంగతి చెప్తే ఇట్టే అర్థమవుతుంది. కుప్పంలో సంతకు పోతే మూడు భాషలు చెవినపడినట్టే అక్కడా జర్మన్, హంగేరియన్, స్లోవాక్ మూడూ వినిపించేవి. ఊరికి కూడా మూడు పేర్లు. జర్మన్లకు ప్రెస్‌బర్గ్, హంగేరియన్లకు పొజోన్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియా-హంగేరి సామ్రాజ్యం ముక్కలై, ఊరు చెకోస్లోవేకియాలోకి వెళ్లాక బ్రాటిస్లావా అన్న పేరు ఖాయమైంది. ఇల్లు కదలలేదు, దేశం మారిపోయింది. ఇమి కుటుంబం యూదులది. పొరుగువాళ్లతో కలిసి బతికిన కుటుంబమే.

తండ్రి శామ్యూల్ కథే ఒక సినిమాకు సరిపోతుంది. పదమూడేళ్ల వయసులో ఊరూరా తిరిగే సర్కస్‌లో చేరాడు. ఇరవై ఏళ్లపాటు కుస్తీలు పట్టాడు, బరువులు ఎత్తాడు, బల ప్రదర్శనలు చేశాడు. సర్కస్ డేరాల్లో రకరకాల దేశాల వస్తాదులు కలుస్తారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పట్టు నేర్చాడు. ఆ తర్వాత బ్రాటిస్లావాలో స్థిరపడి పోలీసు శాఖలో చేరి ఇన్‌స్పెక్టర్ స్థాయికి ఎదిగాడు. నేరగాళ్లను పట్టుకోవడంలో దిట్టగా పేరు తెచ్చుకున్నాడు. తోటి పోలీసులకు ఆత్మరక్షణ నేర్పాడు. ఊళ్లో హెర్క్యులస్ పేరుతో ఒక వ్యాయామశాల కూడా నడిపాడు.

హెర్క్యులస్ అనగానే మన కోడి రామ్మూర్తి నాయుడు గుర్తుకు రాక మానడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సర్కస్ పెట్టి దేశాలు తిరిగి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నాడు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఇనుప గొలుసులు తెంచాడు. శామ్యూల్, రామ్మూర్తి ఇంచుమించు ఒకే కాలం వాళ్లు. సర్కస్‌లో బలం చూపించడం ఇద్దరికీ బతుకుతెరువే. అయితే శామ్యూల్ ఆ బలాన్ని పోలీసు ఉద్యోగంలోకి తీసుకెళ్లాడు. ఏనుగును మోయడం ఒక ఎత్తు. చీకటి సందులో కత్తి పట్టుకున్న దొంగను ఒట్టి చేతులతో పట్టుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెండో విద్య కొడుక్కు దక్కింది.

ఇమి మొదట ఈత నేర్చాడు. తర్వాత జిమ్నాస్టిక్స్, కుస్తీ, బాక్సింగ్. 1928లో స్లోవేకియా యువకుల కుస్తీ చాంపియన్. మరుసటి ఏడాది పెద్దల విభాగంలో చాంపియన్. అదే 1929లో బాక్సింగ్‌లోనూ జాతీయ టైటిల్, జిమ్నాస్టిక్స్‌లో అంతర్జాతీయ పోటీలో విజయం. అప్పటికి వయసు పందొమ్మిది. నాటకాల మీద, నృత్యం మీద కూడా మోజుండేది. ఊళ్లో ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూసే కుర్రాడన్నమాట.

1935లో యూదుల మకాబియా క్రీడల కోసం కుస్తీ జట్టుతో పాలస్తీనా బయల్దేరాడు. దారిలో సాధన చేస్తుంటే పక్కటెముక విరిగింది. అంతదూరం వెళ్లి పోటీలో దిగకుండా గట్టున కూర్చోవాల్సి వచ్చింది. పోరు నేర్చుకునేవాడు ముందు తాను దెబ్బ తినకూడదు, సాధనలో కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోవడం గొప్ప కాదు అన్న పట్టుదల ఆయనకు అక్కడే పడిందంటారు. క్రావ్ మగాలో ఇప్పటికీ మొదటి పాఠం అదే. మన గరిడీల్లో దెబ్బలు తింటేనే విద్య వస్తుందని నమ్మిన గురువులకు ఈ మాట రుచించకపోవచ్చు.

రింగు వేరు.. వీధి వేరు

1933లో జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. ఆ గాలి డాన్యూబ్ మీదుగా బ్రాటిస్లావాకు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. యూదుల దుకాణాల అద్దాలు పగిలాయి. 1936లో యూదుల పాత కథ ఆధారంగా తీసిన ఒక ఫ్రెంచి సినిమా ఆడుతుంటే హాలు దగ్గర గుంపులు చేరి గొడవకు దిగాయి. వాటిలో విద్యార్థులూ ఉన్నారు. గొడవ వీధుల్లోకి పాకింది. నిన్నటిదాకా పక్కబెంచీలో కూర్చున్నవాడే ఇవాళ కర్ర పట్టుకుని వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇమి తనలాంటి యూదు కుర్రాళ్లను, బాక్సర్లను, కుస్తీ పట్టేవాళ్లను కూడగట్టాడు. తమ పేటలోకి గుంపులు రాకుండా కాపలా కాశారు. 1936 నుంచి 1940 దాకా ఇలాంటి కొట్లాటలు ఎన్నో జరిగాయి. కొన్నిటిలో వాళ్లది పైచేయి, కొన్నిటిలో గట్టి దెబ్బలే తిన్నారు. క్రావ్ మగా పుట్టుక ఇక్కడే ఉంది.

ఎందుకంటే ఆ కొట్లాటల్లో చాంపియన్లకు ఒక సంగతి తెలిసొచ్చింది. తమ పతకాలు వీధిలో పనికిరావడం లేదు. బాక్సింగ్ రింగులో ఎదురుగా ఉండేది ఒక్కడే. మనంత బరువున్నవాడే. చేతికి గ్లవుజులు ఉంటాయి. నడుము కింద కొడితే రిఫరీ ఆపుతాడు. మూడు నిమిషాలకు గంట కొడతారు. వీధిలో గంట లేదు, రిఫరీ లేడు. ముందు నుంచి ఒకడు, వెనక నుంచి నలుగురు. ఒకడి చేతిలో సైకిల్ చైను, ఇంకొకడి చేతిలో కత్తి. కుస్తీలో గొప్ప పట్టు ఏమిటి? ప్రత్యర్థిని నేలకు అదిమి భుజాలు ఆనించడం. వీధిలో ఒకడిని అలా నేలకు అదిమితే, ఆ పట్టులో ఉండగానే రెండోవాడు వచ్చి తల మీద తన్నుతాడు. రింగులో గెలిపించిన పట్టే వీధిలో ప్రాణం తీస్తుంది.

అందుకని ఆయన తనకు తెలిసిన విద్యలన్నీ జల్లెడ పట్టడం మొదలుపెట్టాడు. అందంగా ఉన్నవి తీసేశాడు. ఏళ్ల తరబడి సాధన చేస్తేగానీ రానివి తీసేశాడు. భయంతో చేతులు వణుకుతున్నప్పుడు కూడా చేయగలిగేవి మాత్రం ఉంచాడు. ఇందులో ఒక కిటుకు ఉంది. ప్రమాదం ముంచుకొస్తే మనిషి ఒళ్లు తనంతట తానే కొన్ని పనులు చేస్తుంది. ఎవరైనా రెండు చేతులతో గొంతు పట్టుకుంటే మన చేతులు చప్పున గొంతు దగ్గరికే వెళ్తాయి. అది ఎవరూ నేర్పనక్కర్లేదు. పాత పద్ధతులు ఈ సహజమైన కదలికను మానుకోమని ఇంకేదో నేర్పేవి. ఇమి దాన్నే వాడుకున్నాడు. చేతులు ఎలాగూ అక్కడికే వెళ్తాయి కదా, వెళ్లిన వేళ్లను కొక్కేల్లా వంచి అవతలివాడి బొటనవేళ్ల దగ్గర పట్టుకుని ఒక్కసారిగా లాగాలి. పట్టులో అన్నిటికంటే బలహీనమైనది బొటనవేలే. అదే క్షణంలో గజ్జల మీద తన్నాలి. పట్టు విడిపించుకోవడం ముందు, కొట్టడం తర్వాత అన్న వరుస లేదు. రెండూ ఒకేసారి. ఆ తర్వాత కాలికి బుద్ధి చెప్పడమే.

పారిపోవడం సిగ్గు కాదని చెప్పిన పోరు విద్య ఇది. బతికుంటే బలుసాకు తినొచ్చు అనే మన సామెత ఇమికి తెలియదు గానీ, తెలిస్తే గోడ మీద రాయించేవాడేమో.

పెంచో పడవ

1939 మార్చి 14న స్లోవేకియా విడి దేశమైంది. పేరుకే విడి, నడిచింది జర్మనీ కనుసన్నల్లో. యూదుల ఆస్తులు, ఉద్యోగాలు ఒక్కొక్కటే పోయాయి. కుర్రాళ్లను పోగేసి ఎదురుతిరిగే ఇమి అధికారుల కంట్లో నలుసయ్యాడు. 1940 మేలో పెంచో అనే పాత పడవెక్కి ఊరు వదిలాడు.

పెంచో అసలు నదిలో సరుకులు లాగే పాతకాలపు ఆవిరి పడవ. దాని మీద చెక్కలతో అరలు కట్టి నాలుగు వందల మందిని ఎక్కించారు. దారిలో ఇంకొంతమంది కలిసి అయిదు వందలు దాటారు. డాన్యూబ్ మీదుగా నల్ల సముద్రం చేరి, అక్కడి నుంచి పాలస్తీనాకు వెళ్లాలన్నది ఆలోచన. ఆ రోజుల్లో పాలస్తీనా బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉంది. అనుమతి లేకుండా యూదులు రావడం నిషేధం. దారిలో ఏ దేశమూ దిగనివ్వదు. రుమేనియా పొమ్మంటుంది, బల్గేరియా రావద్దంటుంది. నది మధ్యలో వారాల తరబడి నిలిచిపోయారు. తిండి లేదు, నీళ్లు అంతంతమాత్రం. రెండు ఒడ్లూ కనిపిస్తూనే ఉంటాయి, దిగడానికి మాత్రం లేదు. సరిహద్దు అంటే ఏమిటో ఆ పడవలో ఉన్నవాళ్లను అడగాలి.

ఇమి ఈతగాడు కదా. నీళ్లలో పడినవాళ్ల కోసం, పడిపోయిన రొట్టెల మూటల కోసం ఎన్నోసార్లు నదిలోకి దూకాడంటారు. అలా దూకి దూకి చెవికి చీము పట్టింది. ఆ చెవి తర్వాత ప్రాణం మీదికి తెచ్చింది.

ఎట్టకేలకు సెప్టెంబరులో సముద్రం చేరారు. నది కోసం చేసిన పడవ సముద్రపు అలలకు ఆగుతుందా? అక్టోబరు మొదట్లో ఏజియన్ సముద్రంలో ఇంజను చచ్చిపోయింది. గాలికి కొట్టుకుపోయి కమిలానిసి అనే చిన్న రాతి దీవికి తగిలి ముక్కలైంది. మనిషి జాడ లేని దీవి. అందరూ ప్రాణాలతో ఒడ్డుకు చేరడమే వింత. సాయం తేవడానికి ఇమి, మరి కొందరు మిత్రులు చిన్న తెడ్ల పడవలో క్రీటు దీవి వైపు బయల్దేరారు. చెవి నొప్పితో ఒళ్లు కాలిపోతున్నా వినలేదు. రోజుల తరబడి తెడ్లు వేశారు, గాలి ఎదురు తిరిగింది. చివరికి ఒక బ్రిటిష్ ఓడ వాళ్లను చూసి ఎక్కించుకుని ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో దించింది. దీవిలో మిగిలినవాళ్లను ఇటాలియన్ ఓడ తీసుకెళ్లింది. రోడ్స్ దీవిలో, ఆ తర్వాత ఇటలీలోని శిబిరంలో ఉంచారు. ఖైదులో ఉన్నా ఎక్కువమంది బతికి బయటపడ్డారు.

బ్రాటిస్లావాలో ఆగిపోయినవాళ్ల గతి వేరు. 1942 మార్చి నుంచి అక్టోబరు మధ్య స్లోవేకియా నుంచి దాదాపు 58 వేల మంది యూదులను రైళ్లలో కుక్కి పోలండు శిబిరాలకు పంపారు. తిరిగొచ్చినవాళ్లు కొన్ని వందల మంది. ఇమి కాపలా కాసిన పేట ఖాళీ అయింది. నలుగురు గూండాలను ఎదుర్కోవడానికి ఒట్టి చేతులు చాలు. రైలు, తుపాకీ, చట్టం మూడూ పట్టుకుని ప్రభుత్వమే వస్తే ఏ విద్యా నిలవదు. క్రావ్ మగా గొప్పలు చెప్పే పుస్తకాలు ఈ ముక్కను అంతగా పట్టించుకోవు.

వెలుగుచేను

అలెగ్జాండ్రియాలో చెవికి ఆపరేషన్లు జరిగాయి. బతకడం కష్టమనుకున్నారు, బతికాడు. బ్రిటిష్ వాళ్ల కింద పనిచేస్తున్న చెకోస్లోవాక్ దళంలో చేరి మధ్యప్రాచ్యంలో యుద్ధం చూశాడు. 1942లో పాలస్తీనాలో అడుగుపెట్టడానికి అనుమతి దొరికింది. అదే ఏడాది మొదట్లో మన కోడి రామ్మూర్తి కన్నుమూశాడు.

పాలస్తీనాలో అప్పటికే యూదులకు హగానా అనే రహస్య సేన ఉంది. దాని పెద్దల్లో ఒకడైన యిజ్హాక్ సాదేకు ఇమి గురించి మిత్రులు చెప్పారు. 1944 నుంచి ఇమి ఆ సేనలోని ప్రత్యేక దళాలకు శిక్షణ మొదలుపెట్టాడు. శరీర దారుఢ్యం, ఈత, కుస్తీ, కత్తి వాడకం, కత్తి నుంచి రక్షణ.. ఇవీ పాఠాలు. అయితే ఒక మాట చెప్పాలి. ఈ విద్యను ఇమి ఒక్కడే శూన్యం నుంచి పుట్టించాడనడం భక్తుల మాట. ఆయన వచ్చేసరికే హగానాలో జుజిట్సు, బాక్సింగ్, కర్రసాము నేర్పేవాళ్లు ఉన్నారు. కపాప్ అనే పేరుతో ముఖాముఖి పోరు శిక్షణ నడుస్తోంది. ఇమి గొప్పతనమల్లా ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలిసి ఉండడం. ఆ జల్లెడ ఆయన బ్రాటిస్లావా నుంచి తెచ్చుకున్నాడు.

1948 మేలో ఇజ్రాయెల్ ఏర్పడింది. హగానా కొత్త దేశపు సైన్యంగా మారింది. ఇమి ఆ సైన్యంలో శారీరక శిక్షణకు, క్రావ్ మగాకు ప్రధాన శిక్షకుడయ్యాడు. అక్కడ ఆయనకు దొరికిన శిష్యులు బ్రాటిస్లావా చాంపియన్లు కారు. నిన్నగాక మొన్న ఓడ దిగినవాళ్లు, శిబిరాల నుంచి బక్కచిక్కి వచ్చినవాళ్లు, ఒకరి భాష ఒకరికి రానివాళ్లు. ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లను కొద్ది వారాల్లో యుద్ధానికి తయారు చేయాలి. పదేళ్ల సాధన అనే మాటకు తావులేదు. క్రావ్ మగా అంత సూటిగా, అంత పొట్టిగా ఉండడానికి అదే కారణం.

అక్కడే పేరు కూడా మార్చుకున్నాడు. జర్మన్‌లో లిక్టెన్‌ఫెల్డ్ అంటే వెలుగు నిండిన పొలం. దాన్నే హీబ్రూలోకి తిప్పి శదే ఓర్ అని పెట్టుకున్నాడు. మన మాటలో వెలుగుచేను అనుకోవచ్చు.

ఆ వెలుగు పక్కనే నీడ కూడా ఉంది. 1948 యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనా అరబ్బులు ఊళ్లు వదిలి శరణార్థులయ్యారు. గూండాల నుంచి తన పేటను కాపాడుకోవడానికి ఒక మనిషి కూర్చిన విద్య, ఒక సైన్యం చేతిలో ఆయుధమైంది. ఆ సైన్యం గురించి ప్రపంచం రెండుగా చీలి ఉంది. ఇమిని మెచ్చుకోవాలంటే ఈ సంగతి దాచాల్సిన పనిలేదు. దాచితే ఆయన కథ సగమే చెప్పినట్టు.

ఇమి స్థిరపడిన నెతన్యా పట్టణం మధ్యధరా ఒడ్డున, హైఫా నగరానికి దక్షిణాన ఉంది. హైఫాతో మనకూ చుట్టరికం ఉంది. 1918 సెప్టెంబరు 23న ఆ ఊరిని తుర్కుల నుంచి గెలిచినవాళ్లు మైసూరు, జోధ్‌పూర్ అశ్వదళాలు. బెంగళూరు జేసీ నగర్‌లో మైసూరు లాన్సర్ల స్తూపం ఇప్పటికీ ఉంది. బ్రూక్‌ఫీల్డ్ నుంచి అటు వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగి చూడొచ్చు.

చంపే విద్య.. తప్పించుకునే విద్య

1964లో ఇమి సైన్యం నుంచి బయటికొచ్చాడు. వయసు యాభై నాలుగు. పింఛను తీసుకుని సముద్రం ఒడ్డున కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఆయన జీవితంలో బ్రూక్‌ఫీల్డ్ అమ్మాయిలకు పనికొచ్చే భాగం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

సైనికుడికి నేర్పింది శత్రువును పడగొట్టి ముందుకు పోవడం. మామూలు మనిషికి అది పనికిరాదు. సంతకు వెళ్లొచ్చే గృహిణి, బడిపిల్లాడు, మోకాళ్ల నొప్పుల తాత.. వీళ్లకు కావాల్సింది గెలుపు కాదు, ఇంటికి చేరడం. పైగా సైనికుడిని అడగని ప్రశ్న మామూలు మనిషిని పోలీసు స్టేషన్‌లో అడుగుతారు. అంతలా ఎందుకు కొట్టావు అని. పోలీసు ఇంట్లో పెరిగిన ఇమికి ఇది కొత్త కాదు. అందుకే పౌరుల కోసం విద్యను మళ్లీ జల్లెడ పట్టాడు. ముందు గొడవ జరిగే చోటికి వెళ్లకు. వెళ్తే తప్పుకో. మాటతో పోతే మాటతో పోనివ్వు. గోటితో పోయేదానికి గొడ్డలి తీయకు. ఇక దారి లేదనుకుంటే మాత్రం మొహమాటం వద్దు. కన్ను, గొంతు, గజ్జలు.. ఎక్కడ తగిలితే అవతలివాడు ఆగిపోతాడో అక్కడే కొట్టు. చేతిలో ఉన్న తాళంచెవి, సంచి, కుర్చీ ఏదైనా ఆయుధమే. ఆగిన క్షణంలో అక్కడి నుంచి బయటపడు.

మన చట్టం చెప్పేదీ దాదాపు ఇదే. ఆత్మరక్షణ హక్కు పాత ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్లలో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. ప్రాణానికి, మానానికి ముప్పు వచ్చినప్పుడు ఎదురుదాడి చేయడం నేరం కాదు. అత్యాచారానికి, యాసిడ్ దాడికి తెగబడితే ఎదురుదాడిలో వాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుంది. అయితే రక్షణకు ఎంత అవసరమో అంతే. వాడు పడిపోయాక, ముప్పు తొలగాక, కసితీరా కొట్టడానికి చట్టం ఒప్పుకోదు. క్లాసుల్లో తన్నడం నేర్పేవాళ్లు ఈ సెక్షన్లు కూడా ఒక పావుగంట చెప్తే బాగుంటుంది.

నెతన్యాలో, టెల్ అవీవ్‌లో ఇమి శిక్షణ కేంద్రాలు తెరిచాడు. 1970ల మొదట్లో నెతన్యా దగ్గరి వింగేట్ క్రీడా సంస్థలో పౌర శిక్షకుల కోసం మొదటి కోర్సు నడిచింది. 1971లో ఎలీ అవిక్జార్ అనే శిష్యుడికి మొదటి బ్లాక్ బెల్టు ఇచ్చాడు. జూడో మాదిరి తెల్ల దుస్తులు, బెల్టులు ఆ రోజుల్లో పెట్టినవే. 1978లో కొందరు శిష్యులతో కలిసి ఇజ్రాయెలీ క్రావ్ మగా సంఘం స్థాపించాడు. 1981లో అమెరికా నుంచి ఒక బృందం వచ్చి నేర్చుకుని వెళ్లింది. అక్కడి నుంచి ఇక ఆగలేదు. అమెరికా పోలీసులు నేర్చుకున్నారు. 2002లో జెన్నిఫర్ లోపెజ్ సినిమా ఇనఫ్‌లో భర్త చేతిలో దెబ్బలు తిన్న భార్య ఈ విద్యే నేర్చి ఎదురుతిరిగింది. ఆ సినిమాతో పేరు ఇంటింటికీ పాకింది.

ముసలితనంలో ఇమి నెతన్యాలో కాఫీ హోటల్లో కూర్చునేవాడు. శిష్యులు, శిష్యుల శిష్యులు అక్కడికే వచ్చేవాళ్లు. సందేహం అడిగితే అక్కడికక్కడే బల్ల పక్కన నిలబెట్టి చెయ్యి ఎలా తిప్పాలో సరిచేసేవాడట. 1998 జనవరి 9న ఎనభై ఏడేళ్ల వయసులో నెతన్యాలోనే కన్నుమూశాడు.

వారసుల తగాదా

ఆయన పోకముందే శిష్యుల మధ్య చీలికలు వచ్చాయి. అవిక్జార్ 1989లో సొంత సంఘం పెట్టుకున్నాడు. ఎయాల్ యానిలోవ్ వంటివాళ్లు 1996లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టారు. పాత సంఘం హయిమ్ గిడోన్ నాయకత్వంలో కొనసాగింది. అమెరికాలో డారెన్ లెవిన్ సంస్థ వేరు. అసలైన విద్య మాదంటే మాదని కోర్టుల దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఉమ్మడి ఆస్తి పంపకాల్లో అన్నదమ్ముల గొడవ లాంటిదే, కాకపోతే వీళ్లందరికీ కొట్టడం వచ్చు.

ఈ గొడవతో బ్రూక్‌ఫీల్డ్ వాళ్లకు ఏమిటి సంబంధం? ఉంది. ఎవరి ముద్ర లేకపోయినా క్రావ్ మగా అని బోర్డు పెట్టేయొచ్చు. వారం రోజుల కోర్సుకు వెళ్లొచ్చి గురువైపోయినవాళ్లు ఎక్కడైనా ఉంటారు. చేరేముందు అడగాల్సినవి అడగాలి. శిక్షకుడు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు నేర్చాడు? ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ ఏది? క్లాసులో దెబ్బలు తగలకుండా ఏం జాగ్రత్తలు ఉన్నాయి? పక్కటెముక విరిగి గట్టున కూర్చున్న ఇమి పేరు చెప్పుకునే చోట చేతులు విరగడం ఉండకూడదు. అమ్మాయిల చేత అమ్మాయిల మీదే సాధన చేయించి ఊరుకుంటున్నారా, బరువైన మగవాడు పట్టుకుంటే విడిపించుకోవడం చేయిస్తున్నారా అన్నది కూడా చూడాలి. మంచి క్లాసులో ముందు పరుగెత్తించి అలిసిపోయేలా చేస్తారు. లైట్లు ఆర్పేస్తారు. కళ్లు మూసుకోమని వెనక నుంచి పట్టుకుంటారు. అప్పుడు చెయ్యి దానంతటది కదిలిందా లేదా అన్నదే పరీక్ష.

ఒక శనివారం రెండు గంటల వర్క్‌షాపు, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో.. కంపెనీల్లో ఇది మామూలైంది. దాని వల్ల వచ్చేది విద్య కాదు, ధీమా. ఉత్త ధీమా ఒక్కోసారి ప్రమాదం కూడా. కనీసం కొన్ని నెలలు వారానికి రెండుసార్లయినా చేయనిదే కదలిక ఒంటికి పట్టదు. ఇమి సైనికులకు వారాల్లో నేర్పాడు నిజమే. వాళ్లకు రోజంతా అదే పని.

2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో వచ్చాక కుందలహళ్లి స్టేషన్ నుంచి నడిచి వచ్చేవాళ్లు పెరిగారు. స్టేషన్ దిగాక పీజీ దాకా ఉండే ఆఖరి అర కిలోమీటరే చాలామంది అమ్మాయిలకు భయం. వెలుతురు ఉన్న రోడ్డు పట్టడం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయడం, ఫోన్లో 112 నొక్కడానికి సిద్ధంగా ఉండడం.. ఇవన్నీ ఇమి పౌరుల పాఠాల్లో తన్ను కంటే ముందొచ్చే పాఠం కిందికే వస్తాయి.